అన్నమాటే మళ్లీ అంటే

మెయిళ్లలో చెత్తను ఏరేసే ప్రోగ్రాం కోసం హైమావతి ఒకప్పుడు నాలుగు లైన్ల చిన్న కోడ్ రాసింది. వచ్చిన మెయిలే మళ్లీ వస్తే పారేయడం దాని పని. ఇప్పుడదే, రొద వడగట్టడానికి అందరూ పగలూ రాత్రీ చెవుల్లో పెట్టుకునే బిళ్లల్లోకీ ఎక్కింది. అన్నమాటే మళ్లీ అంటే అవతలివాళ్లకు వినపడదు. అందుకే ప్రతి ఇంట్లోనూ రోజుకో కొత్త మాట వెతుక్కుంటున్నారు.

"గొంతు ఎడారైపోయింది మహాతల్లీ!" అన్నాడు భర్త శశిధర్. కాఫీ అడగడానికి ఇవాళ్టికి దొరికిన మాట అది.

హైమావతి నవ్వుతూ గ్లాసు అందించింది. "పాప లేచిందాండీ?"

"గదిలోంచి చప్పుడే లేదు. మన బంగారుతల్లి ఏనాడు పేచీ పెట్టింది గనక!"

చెవిలో గుబిలి దురదపెడుతుంటే, చాలా నెలలకు ఆమె బిళ్ల బయటికి తీసింది.

"అమ్మా... అమ్మా..."

బొంగురుపోయిన గొంతు. పాపకు వచ్చిందే ఆ ఒక్క మాట. హైమావతి పరుగెత్తింది. పాప మంచం కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంది, కళ్లు వాచిపోయి. ఎత్తుకుని గుండెకు హత్తుకుంది. పాప ఊరుకుంది.

పిలుపు మాత్రం ఆగలేదు. కిటికీలోంచి వస్తోంది. ఎదురు ఫ్లాటు నుంచి, పై అంతస్తు నుంచి, వీధి చివరిదాకా.

"అమ్మా... అమ్మా..."