ఒక్కసారే తిరిగే డిస్కు

పాడైన హార్డ్ డిస్కుల్లోంచి ఫైళ్ళు తీయడం నా వృత్తి. ఆ రాత్రి నా బల్ల మీదున్నది, పోయిన మా అన్నయ్యది. ఆయన గొంతు మిగిలింది అందులో మాత్రమే.

"ఇప్పుడు ఆపితే ఇది మళ్ళీ తిరగదు వదినా," అన్నాను.

"ఆపకు మరిదీ. బతికున్నన్నాళ్ళూ ఆయన మాటకి అడ్డం పడ్డాను. ఈ ఒక్కసారికి నోరు మూసుకుని వింటాను," అంది వదిన, పక్క కుర్చీలోంచి.

అది నాలుగేళ్ళ కిందటి రికార్డింగు. అన్నయ్య ప్రార్థన చదువుతూ మధ్యలో ఆగాడు. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. మరుక్షణం నా పక్కన వదిన దగ్గింది, అచ్చం అలాగే.

తర్వాత స్పీకరులో నా ఫోను రెండుసార్లు మోగింది. నేను తడుముకునేలోగా జేబులో నిజంగానే మోగింది. రెండుసార్లే.

పోయినవాళ్ళ గొంతు వినాలనుకోవడం తప్పా దేవుడా, అనుకుంటూ స్విచ్చి మీద చెయ్యి వేశాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"ఆయన ఇంకా పూర్తి చెయ్యలేదుగా."

అన్నయ్య మళ్ళీ మొదలుపెట్టలేదు. స్పీకరులో కుర్చీ వెనక్కి పడిన చప్పుడైంది. ఆ వెంటే "వదినా, వదినా" అని నా గొంతు. రికార్డింగులో ఆ పిలుపుకి ఎవరూ పలకలేదు.

నేను వదిన కుర్చీని రెండు చేతులా బిగించి పట్టుకున్నాను.

"పిలిచింది నువ్వేనా మరిదీ?" అంటూ ఆమె లేవబోయింది.