శరణప్ప కొన్న ఒక్క మాట

ఆ పొద్దున శరణప్ప దగ్గర ఉన్నవి రెండే: స్టేషన్ షెడ్డులో మెత్తబడుతున్న నలభై బస్తాల పచ్చి అల్లం, దాన్ని దొరకు అమ్మిపెట్టే ఇంగ్లీషు మాట ఏదో తెలుసుకోవాలన్న ఆత్రం. యుద్ధానికని గూడ్సు డబ్బాలన్నీ సర్కారు లాగేసుకుంది. పల్టన్‌కు సరుకు కొనే దొర ఒకడు ఈ వారంలో జహీరాబాద్‌లో బండి దిగుతాడని కబురు. ఆయన కొంటే సరే. లేకపోతే అల్లమంతా పెంటకుప్పకే.

"ఒక్కటే మాట చెప్పు బాబూ," అన్నాడు టికెట్లిచ్చే అమర్నాథ్‌తో. "కానీ అన్నిటికి పనికిరావాలె."

"అట్లయితే 'గుడ్' తీస్కో సావుకార్. మంచి అని అర్థం. పొద్దుగాల కనపడితే గుడ్ మార్నింగ్. పోయేటప్పుడు గుడ్ బై."

"సరుకు మంచిగుంటే?"

"గుడ్."

"ధర కుదిరితే?"

"అదీ గుడ్డే."

బేరం గిట్టుబాటైందనుకున్నాడు శరణప్ప.

"జర పైలం," అన్నాడు అమర్నాథ్. "గుడ్ ఫర్ నథింగ్ అన్నడనుకో, ఎందుకూ పనికిరాదని."

"మంచి అనుకుంటనే పనికిరాదంటడా?"

"అంటడు. ఫర్ గుడ్ పోయిండంటే మళ్ల తిరిగి రాడని. యాజ్ గుడ్ యాజ్ డెడ్ అంటే సచ్చినట్టే లెక్కని. గుడ్ బీటింగ్ అంటే వీపు చిట్లేటట్టు కొట్టుడు."

"అరే! పనికిరానోడు మంచే, సచ్చినోడు మంచే, తన్నుడు గూడ మంచే! మరి వీండ్లకు చెడ్డదేంది బాబూ?"

"గుడ్ గాడ్ అని గూడ అంటరు. సంబరమైనా అదే, కోపమొచ్చినా అదే. మొఖం చూసి తెల్సుకోవాలె."

శరణప్ప సంచీలోంచి రెండు సేర్ల అల్లం తీసి అమర్నాథ్ చేతిలో పెట్టాడు. కొన్నది ఒక్క మాట. విప్పి చూస్తే లోపల పది రకాల సరుకు. ఎప్పుడు ఏది చేతికొస్తుందో తెలియదు. ఇంకో మాట అడుగుదామనుకునేలోపే బండి కూత వినపడింది. అమర్నాథ్ టికెట్ల కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

బండి ఆగీ ఆగకముందే ఒక తెల్లదొర దిగబోయి, మెట్టు తప్పి తూలి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మొహం ఎర్రగా కందిపోయింది. ఎండకేమో అనుకున్నాడు శరణప్ప. దొర నేరుగా అతని దగ్గరికే వచ్చి ఏదో గబగబా అడిగాడు.

"గుడ్ మార్నింగ్," అన్నాడు శరణప్ప.

దొర మళ్లీ అడిగాడు, ఈసారి కుడిచెయ్యి ముందుకు చాచి.

శరణప్పకు ప్రాణం కుదుటపడింది. ఇది తనకు తెలిసిన భాషే. అంగట్లో కొనేవాడు నోటితో ధర చెప్పడు, చెయ్యి చాస్తాడు. అమ్మేవాడు దానిమీద కండువా కప్పి వేళ్లు నొక్కుతాడు. ఎన్ని వేళ్లో అంత ధర. చుట్టూ ఎంతమంది ఉన్నా అది ఆ ఇద్దరికే తెలుస్తుంది.

కండువా కప్పి రెండు వేళ్లు గట్టిగా నొక్కాడు.

"గుడ్ గాడ్!" అని ప్లాట్‌ఫారం అదిరేలా అరిచాడు దొర.

శరణప్ప మొహం చూశాడు. దొర కళ్లలో నీళ్లు. సంబరమా, కోపమా? ధర ఎక్కువైందేమో. కొంత తగ్గిద్దామని నడిమి వేలు ఒక్కటే పట్టి గట్టిగా గుంజాడు.

దొర గొంతులో అరుపు సగంలో ఆగిపోయింది. నోరు తెరుచుకుని కండువా వైపే చూశాడు. తర్వాత మెల్లగా, "గుడ్..." అన్నాడు.

"గుడ్," అన్నాడు శరణప్ప.

గార్డు ఈల వేశాడు. చేతికి చుట్టుకున్న కండువాతోనే దొర బండెక్కేశాడు.

బేరం కుదిరితే సరుకు ఊసెత్తలేదెందుకు? కుదరకపోతే కండువా తీసుకుపోయాడెందుకు? ఉత్త భుజాలతో నిలబడిపోయాడు శరణప్ప.

ఇదంతా అవతల నుంచి చూస్తున్న గుండయ్య, తనూ అల్లం వ్యాపారే, ఉరికొచ్చాడు.

"కండువా పట్కపోయిండంటే బేరం ఖాయం జేసినట్టే గద శరణప్పా! ఎంతకు తెగింది?"

శరణప్ప తన దగ్గరున్న ఒక్క మాటే వాడాడు. "గుడ్."

"గుడ్ అంటే?"

"దానికి చాన అర్థాలున్నయి గుండయ్యా."

"నాతోని ఆటలా? నీకు ఎడ్లబండ్లు లేవు, నాకు నాలుగున్నయి. మాల్ నాకియ్యి, దొరకు నేను ముట్టజెప్పుకుంట." గుండయ్య అక్కడికక్కడే తన కండువా తీసి ఇద్దరి చేతులమీదా కప్పాడు. రెండు వేళ్లొస్తే చాలనుకున్న శరణప్పకు మూడు వేళ్లు తగిలాయి.

లెక్క కట్టుకున్నాడు. దొర వేళ్లు బండెక్కి పోయాయి. గుండయ్య వేళ్లు గుప్పిట్లో ఉన్నాయి.

"గుడ్," అన్నాడు.

సాయంత్రం బండి తిరిగొచ్చింది. అమర్నాథ్ చేతిలో మడతపెట్టిన కండువాతో వచ్చాడు.

"ఏం జేసినవ్ సావుకార్? ఆయన పల్టన్ దొర కాడు. పల్టన్ దొర ఎల్లుండి వస్తడు. ఈయనకు బండి దిగుతుంటే కాలు జారి, కమ్మీ పట్టుకుంటే చేతివేలు కీలు తప్పిందట. దవాఖాన యాడున్నదని నిన్నడిగిండు! గార్డు చెప్పిండు."

శరణప్ప కండువా అందుకుని భుజాన వేసుకున్నాడు. అలవాటు కొద్దీ లెక్క చూసుకున్నాడు. అల్లం అమ్ముడుపోయింది. పల్టన్ దొర వస్తాడు గనక గుండయ్యకూ నష్టం లేదు. కండువా తిరిగొచ్చింది. మాట అరగకుండా అట్లాగే ఉంది. తేలనిది ఒక్కటే.

"దొర ఫిర్యాదు చేసిండా బాబూ?"

"ఫిర్యాదా? నువ్వు గుంజుడుతోనే వేలు సక్కగైందట. రేపటి బండికి, మెడ పట్టేసిన దొరసానిని నువ్వే హకీం సాబ్‌వని నీకు చూపెట్టనీకి తోల్కొస్తున్నడు!"