సువాజారా పేరు

పూలు మళ్లీ రాలిపోయాయి. ఒక్క కాయ నిలవలేదు.

సహుంద్ర చెట్టు కింద నిలబడి, రాలిన తెల్లపూలని చెప్పుకాలితో పక్కకి నెట్టింది. చెట్ల శాస్త్రం చదువుకున్న మనిషికి చెట్టు మీద ఇంత కోపం ఉండకూడదు. కానీ ఉంది, ఏం చేస్తుంది? మడగాస్కర్ ఈశాన్య మూల ఈ అడవంతా గాలించినా ఇలాంటి చెట్టు ఇదొక్కటే. ఏటా విరగబూస్తుంది, ఏటా మొండిచెయ్యి చూపిస్తుంది. పువ్వు కోసి చూస్తే ఆడ భాగమూ ఉంది, మగ భాగమూ ఉంది. ఇంకేం రోగం దీనికి?

కాయ కావాల్సింది పేరు పెట్టడానికి. ఇది కొత్త జాతి అని తేలితే దానికి వాళ్లమ్మ సువాజారా పేరు పెట్టాలని సహుంద్ర పట్టుదల. ఆ తల్లి బతుకంతా వెనిల్లా తోటల్లో కూలికి పోయింది. వెనిల్లాని ఈ దీవిలో తేనెటీగలకి వదిలేస్తే లాభం లేదు. రోజూ పొద్దున్నే మనిషే ముల్లు పట్టుకుని పువ్వు పువ్వుకీ పుప్పొడి అంటించాలి. పువ్వుకి పెళ్లి చేయడం అంటారు దాన్ని. లక్షల పెళ్లిళ్లు చేసిన సువాజారాకి మిగిలిందల్లా సమాధి మీద పేరు, అది కూడా వానలకి చెరిగిపోయింది. చెట్టు పేరైతే చెరగదు.

అడ్డల్లా రత్సింబ మాస్టారు. సహుంద్రకి పాఠాలు చెప్పినాయనే. అవతలి కొండ మీద పసుపు పూల చెట్టు ఒకటి కనిపెట్టి, ముందుగానే దానికి తన పై అధికారి పేరు పెట్టేశారు. ఆయన్ని కాయ ఏదని ఎవరూ అడగలేదు. సహుంద్ర వ్యాసం పంపితే మాత్రం పత్రికవాళ్లు, ఇది మాస్టారి చెట్టు కాదని రుజువేంటి, కాయ చూపించమన్నారు. రెండూ ఒకటే జాతి అయితే ముందు పెట్టిన పేరే ఖాయం. అదీ రూలు.

మరుసటి పూతకి మాస్టారే స్వయంగా వచ్చారు, తన చెట్టు పూలరెమ్మని తడిగుడ్డలో చుట్టుకుని. సహుంద్ర ఇచ్చిన, అడుగంటిన అన్నం మాడు కాచిన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, రాయి మీదికి వాలిన కొమ్మకి ఆ రెమ్మని రాఫియా నారతో కట్టారు. పూల పక్కన పూలు.

"చూడమ్మా, అదే ఆకు, అదే బెరడు. నీది తిండిలేక చిక్కిపోయిన నా చెట్టు, అంతే."

"మీ పువ్వు పసుపు, నాది తెలుపు. మీది బొటనవేలంత, నాది చిటికెన గోరంత. కళ్లజోడు మార్చండి మాస్టారూ."

"నాకు కళ్లజోడు, నీకు కాయ. ఏది ముందు దొరుకుతుందో చూద్దాం."

నవ్వుకుంటూ కొండ దిగిపోయారాయన. సహుంద్రకి ఒళ్లు మండింది. తేనెటీగలు కూడా ముందు ఆయన పూల మీద వాలి, ఆ తర్వాతే తన పూల మీదికి రావడం చూసి ఇంకా మండింది. ఆ రెమ్మ పీకి పారెయ్యమని జావుకి చెప్పింది. చెట్లెక్కడం జావు పని. కానీ అది గురువారం. గురువారం అతని ఊరివాళ్లు చెట్టు మీద చెయ్యి వెయ్యరు, తాతల నాటి కట్టు.

"రేపు పీకుతాలే అక్కా. ముసలాయన మీద కోపం చెట్టు మీద చూపిస్తే ఎలా?"

మర్నాడు కుండపోత. వాగు పొంగేలోపు గుడారం ఎత్తేసి దిగిపోయారు. రెమ్మ సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

వానలు వెనకపట్టాక మళ్లీ వెళ్లారు. ముందు నడుస్తున్న జావు ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అక్కా, కాయలు."

సహుంద్ర చేతులు గీరుకుపోతున్నా లెక్కచేయకుండా రాయి మీదికి పాకింది. నిజమే. గుత్తులుగా, ఆకుపచ్చగా, గట్టి కాయలు. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఒకటి కోసి బుగ్గకి ఆనించుకుంది. "అమ్మా, నీ పేరు నిలిచింది," అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, పై కొమ్మల్లోవి కూడా కోసుకురమ్మని జావుని పంపింది.

జావు చిటారు దాకా ఎక్కాడు. అటూ ఇటూ వెతికి ఖాళీ సంచితో దిగాడు. పైన ఒక్క కాయ కూడా లేదట. ఉన్నవన్నీ ఈ రాయి మీది కొమ్మకే.

సహుంద్ర ఆ కొమ్మని మళ్లీ చూసింది. కాయల మధ్య, రాఫియా నారకి, ఎండిపోయిన మాస్టారి రెమ్మ ఇంకా వేలాడుతోంది. తన పువ్వులో మగ భాగం పేరుకే అన్నమాట; కాయ కట్టించింది తేనెటీగలు ఆ రెమ్మ నుంచి మోసుకొచ్చిన పుప్పొడి.

వేరే జాతి, వేరే జాతి అని సువాజారా కూతురు ఇన్నేళ్లూ పోట్లాడిన ఆ అవతలి కొండ చెట్టు, ఈ చెట్టుకి మొగుడు.