ఈ ఒక్క పూట నీ వంతు

ఒక అద్దాల తొట్టిలో, పచ్చటి నీటిమొక్కల మధ్య, పళ్లెంలా గుండ్రంగా ఉండే డిస్కస్ చేపలు రెండు కాపురం ఉండేవండీ. వీటి వింత ఏమిటంటే, చేపకి పాలుండవు కదా, అమ్మానాన్నల ఒంటి మీద ఊరే జిగురే పిల్లలకి తిండి. ఒకరు అలిసిపోతే ఇంకొకరు ఒళ్లు అప్పగించాలి. అదీ వాళ్ల ఆచారం.

తల్లి చేపకి ఆరు రోజులుగా వంతు మారలేదు. వంద పిల్లలు కొరికి కొరికి ఒళ్లంతా గాట్లు, రెక్క ఆడించే ఓపిక కూడా లేదు.

"ఏమయ్యా, ఈ ఒక్క పూట పిల్లల్ని పట్టుకో. ఇంకో రోజు ఇలాగే అయితే నేనుండను" అంది.

"నా రంగు చూడ్డానికే కదే ఈ ఇంటికి చుట్టాలొచ్చేది! పిల్లలు కొరికితే మచ్చలు పడవూ?" అని తండ్రి మొహం తిప్పుకున్నాడు.

అద్దానికి అతుక్కున్న నత్త ఊరుకోలేదు. "పోనీ, ఆ పిల్లలేమైనా నాకు పుట్టారా బావా?"

తల్లి వెడల్పాటి ఆకు చాటుకి పోయి నడుం వాల్చింది. వంద పిల్లలూ ఒక్కసారిగా తండ్రి మీదికొచ్చాయి. ఆయన పరుగు చూడాలి, ఆ మూల నుంచి ఈ మూలకి! పిల్లలు ఆయన వెనకాలే ఈది ఈది, తిండి లేక ఒక్కొక్కటే ఇసక మీదికి జారిపోసాగాయి. అది చూసి ఆయన ఆగిపోయాడు. ఒళ్లు అప్పగించాడు.

సాయంత్రానికి ఒంటి నిండా మచ్చలే.

"ఏం బావా, రంగేదీ?" అంది నత్త.

"నెమ్మదిగా మాట్లాడవే, ఆకు చాటున ఇప్పుడే దానికి కునుకు పట్టింది" అన్నాడు తండ్రి, కదలకుండా.