మళ్లీ వేయని పాచిక

పాచిక మీద ఒకటి పడింది. పాచిక చెప్పినట్టు కథ అల్లుకుంటూ ఒంటరిగా ఆడే ఆటలో రజిత వైద్యురాలు. ఒకటి పడటంతో కథలో ఆమె కాపాడాల్సిన పిల్ల చనిపోయింది.

"మళ్లెయ్. ఒక్కదానివే ఆడుతున్నవ్, ఎవరు చూస్తున్నరు?" అన్నాడు భర్త కిషన్. నర్సు డ్యూటీ దిగి చిలకలగూడ ఇంటికి రాగానే ఆమె రోజూ ఈ ఆటకే కూర్చుంటుంటే అతనికి దిగులుగా ఉంది.

"వద్దు. పిల్ల పోయినంక వైద్యురాలు ఏం చేసిందో నేనే చెప్పాలె. గదే కష్టం."

"ఏం చేసింది?"

"కూసొని ఏడ్సింది." రజిత పాచికను పక్కన పెట్టింది. "మొన్న వార్డుల పిల్ల పోతే నాకు ఏడ్వనీకి సుత టైం దొరకలే. పక్క బెడ్డుకు పిలిచిన్రు."

మరిచిపోవడానికి ఆడుతోందనుకున్నాడు ఇన్నాళ్లూ. కిషన్ ఆమె ఎదుట కూర్చున్నాడు.

"ఆ పిల్ల పేరేంది?"

"ఆటలనా?"

"కాదు, వార్డుల."

"జన్నత్. ఆరేండ్లు," అంది రజిత. ఇక ఆపుకోలేకపోయింది.