విప్పని మరమరాల పొట్లం

“ఈ ఆదోరం మజ్జానం టీవీలో వస్తాది. సూడకపోయావో, మరి నాతో మాటాడకు!”

చేపల గంప గుమ్మం ముందు దించుతూనే కూర్మమ్మ ఆజ్ఞాపించింది.

“అంత బాగున్నాదేటి?” పళ్లెంతో బయటికి వచ్చింది యమున.

“నవ్వలేక పొట్ట పట్టుకుంటావు తల్లీ. సివర్లో మాత్రం కొంగు కావాల.”

“నువ్వు సూసావా?”

“సూడకుండా సెప్తానేటి? వాసన సూడకుండా కవ్వళ్ల సేపలు కొంటావేటి నువ్వు?”

యమున పకపకా నవ్వింది. రెండేళ్లుగా ఆ ఇంట నవ్వు వినిపించేది కూర్మమ్మ ఉన్న ఆ పావుగంటలోనే.

అంతకు మునుపు యమునకు సినిమాలు చెప్పినది అరుణశ్రీ.

ఇద్దరూ ఒకే బడిలో చదివి, భోగాపురం దాపున ఒకే వీధికి కోడళ్లై వచ్చారు. ఏది చూడదగినదో అరుణశ్రీ నిర్ణయించేది. యమున వెంట నడిచేది. హాలులో ఇద్దరికీ కలిపి ఒకటే మరమరాల పొట్లం. పొట్లం ఖాళీ అయితే ఆ సినిమా నాసిరకం. విప్పడం మరచి ఇంటికి తెచ్చుకొంటే, అది ఉత్తమం.

విమానాశ్రయానికి భూములు అడిగిననాడు రెండిళ్ల వారూ అమ్మవారి ఎదుట పసుపు ముట్టి, సంతకం పెట్టబోమని ప్రమాణం చేశారు.

నెల తిరగకముందే అరుణశ్రీ ఇంటివారు పెట్టేశారు. ఒక్కమాట చెప్పకుండా సామాను బండికెత్తి వేరే ఊరికి తరలిపోయారు.

ఆనాటి నుంచి యమున ఆ పేరు పలకలేదు. టీవీ మీద గుడ్డ కప్పింది.

ఆ గుడ్డ తీయించినది కూర్మమ్మ. వారానికొక సినిమా చెప్పేది. మరునాడు వచ్చి, “ఎలాగున్నాది? ఎక్కడ ఏడ్సావు? ఎవులు నచ్చారు?” అని గుచ్చి గుచ్చి అడిగేది. ఒక్కటీ గురి తప్పలేదు.

‘అబద్ధమాడని మనిషి లోకంలో ఒకర్తైనా మిగిలింది’ అనుకొన్నది యమున.

కార్తికమాసం వచ్చింది. ఆ ఇంట నెలంతా నీచు ముట్టరు. అయినా కూర్మమ్మ రాక మానలేదు. ఖాళీ గంప దించి, చోడి అంబలి తాగి, సినిమా చెప్పి వెళ్లేది.

పౌర్ణమినాడు యమున సముద్రస్నానానికి పోయి, తడిబట్టలతోనే కూర్మమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. కూర్మమ్మ లేదు. కోడలు లక్ష్మణమ్మ చాప పరిచింది.

యమున చూపు గది నాలుగు మూలలా తిరిగింది.

“మీ టీవీ ఎక్కడున్నాది?”

“మాకు టీవీయేటమ్మా!” లక్ష్మణమ్మ నవ్వింది. “మా అత్తకి బొమ్మలు కదిల్తే కళ్లు తిరుగుతాయి. పుట్టి బుద్ధెరిగి ఒక్క సినిమా సూసి ఎరగదు.”

యమునకు కాళ్లకింద ఇసుక జారినట్లయింది.

మరునాడు కూర్మమ్మ గుమ్మంలో అడుగు పెట్టకముందే యమున అడిగింది.

“నువ్వు ఎన్ని సినిమాలు సూసావు?”

కూర్మమ్మ ముఖం పాలిపోయింది.

“సెప్పు! రెండేళ్లు నన్ను ఆడించావు కదా! ఎవులింటి అరుగు మీదో ఏరుకున్న మాటలు తెచ్చి, నీవని నాకు అంటగట్టావు!”

“తల్లీ, ఒక్క మాట…”

“సాలు! పసుపు ముట్టి ఒకర్తి ముంచింది. అంబలి తాగి నువ్వు ముంచావు. మరి నా గుమ్మం తొక్కకు.”

కూర్మమ్మ గంప ఎత్తుకొన్నది.

వీధి మలుపు దాకా వెళ్లి, వెనుదిరిగి అన్నది.

“ఈ ఆదోరం సినిమా మాత్రం సూడమ్మా.”

యమున టీవీ పెట్టలేదు. మళ్లీ గుడ్డ కప్పింది.

తరువాత రెండుసార్లు కూర్మమ్మ ఎదురింటి గోడ పక్కన నిలబడింది. గంపలో చేపలు లేవు. రెండుసార్లూ యమున ఆమెను చూసే తలుపు మూసింది.

మూడోసారి ఆమె రాలేదు.

మాఘంలో ఒకనాటి ఉదయం, “సేపలమ్మా!” అన్న కేక వినిపించింది. గొంతు కొత్తది.

లక్ష్మణమ్మ గుమ్మం దిగువనే నిలబడి ఉన్నది. నెత్తిన కూర్మమ్మ గంపే.

“మీ అత్త రాలేదేం?” యమున గొంతులో బింకం ఇంకా దిగలేదు. “మొకం సెల్లక కోడల్ని పంపిందేటి?”

“అత్త పోయి పదారు రోజులైందమ్మా. జొరం.”

యమున గడప దాటి అరుగు మీదికి వచ్చింది.

లక్ష్మణమ్మ గంప దించి, అడుగున సంచిలో చుట్టి ఉన్నదేదో తీసి, జాగ్రత్తగా అరుగు మీద పెట్టింది.

“ఆదోరం సినిమా అయ్యాక దీన్ని నీకియ్యమని అత్తకిచ్చారంట. రెండుసార్లు తెచ్చిందంట. నువ్వు తలుపేసుకున్నావంట. పోయేముందు నా సేతిలో ఎట్టి, ఎలాగైనా అందించమన్నాది.”

అది మరమరాల పొట్లం. మెత్తబడిపోయింది. కట్టిన దారం కట్టినట్లే ఉన్నది.

ఆ ముడి మీద వేలు పెట్టి చూసింది యమున.

“ఎవులిచ్చారు?” అన్నది, తెలిసే.

“అరుణశ్రీ గారమ్మా. ఈ రెండేళ్లూ నీకని సినిమాలు ఏరి పంపింది ఆయమ్మేనంట. తన పేరు ఇంటే నువ్వు టీవీ కట్టేస్తావని, నీకు సెప్పొద్దని మా అత్త సేత ఒట్టేయించుకున్నాదంట. అందుకే మా అత్త ఆ మాటలు తనవని నీకు సెప్పి, నీ మాటలు ఆయమ్మకి సెప్పడానికి, కార్తీకంలో కూడా ఖాళీ గంప నెత్తినెట్టుకుని మూడు మైళ్లు సుట్టు తిరిగేదమ్మా.”