ఆరో మనిషి

"ఈ కాల్‌లో ఇప్పుడు ఆరుగురు ఉన్నారు" అంది టేబులు మీది స్పీకరు పెట్టె.

తాళాలక్క వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

ఉండాల్సింది ఐదుగురే. ఆఫీసు లైను ఒకటి, ఇంటి నుంచి మేడమ్, సైటు నుంచి ఇంజనీరు, అవతల ఊరి నుంచి క్లయింటు, ఆయన తమ్ముడు. మళ్లీ వేళ్లు మడిచి చూసుకుంది. ఐదే.

మరి ఆరోవాడెవడు?

ఇళ్లకు ప్లాన్లు గీసే ఆ చిన్న ఆఫీసులో తలుపులు, బీరువాలు, ఫోన్లు అన్నీ ఆవిడ చేతి మీదుగానే నడుస్తాయి. సాయంత్రం తాళం వేసి, మెట్లు దిగి, మళ్లీ పైకొచ్చి లాగి చూసుకునే మనిషి. అందుకే ఆ పేరు. పక్కవాళ్లు తుమ్మినా ఉలిక్కిపడుతుంది.

ఆ ఉదయమే డ్రాఫ్ట్స్‌మన్ పెట్టెలో ఏదో నొక్కాడు. అప్పట్నుంచి అది తలలు లెక్కపెట్టడం మొదలెట్టింది.

ఆ ఆరోవాడు మాట్లాడడు, దగ్గడు. కానీ ప్రతి సోమవారం కాల్‌లోనూ సరిగ్గా పది గంటలకు లైన్లో ఒక గోడగడియారం టంగుటంగుమని కొడుతుంది. ఇన్నాళ్లూ అది ఎవరి గదిలోదో అనుకుంది. ఒక్కొక్కరినీ అడిగి చూస్తే, ఎవరి గదిలోనూ అలాంటి గడియారమే లేదు.

"దెయ్యమేమోలే అక్కా. పాపం, జీతమైతే అడగట్లేదు కదా" అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్.

ఆవిడకు నవ్వు రాలేదు. క్లయింటు కట్టబోయేది నలభై ఇళ్లు. ఆ వివరాలు పోటీవాళ్ల చెవిన పడితే, కాల్‌లో చేరే నంబరు ఎవరెవరి దగ్గర ఉందని మేడమ్ అడుగుతారు. దాన్ని దాచేదీ ఇచ్చేదీ తనొక్కతే. ఉద్యోగం ఊడితే కూతురి చదువు అక్కడితో ఆగిపోతుంది.

ఆరోవాడి సంగతి మేడమ్‌కు చెప్పలేదు. మాటలు గరగరమంటున్నాయి, పెట్టె మార్చేద్దామంది. మేడమ్ సరేనన్నారు.

మూడు కంపెనీల వాళ్లు వచ్చి తలా ఒక పెట్టె టేబులెక్కించారు. ఒకటి ఏ మూల గుసగుసలాడినా పట్టుకుంటుందట. ఒకటి ఫ్యాను చప్పుడు వినపడనివ్వదట. అవేవీ ఆవిడ చెవికెక్కలేదు. ముగ్గురినీ ఒకటే అడిగింది.

"పిలవని మనిషి లోపలికి రాగలడా?"

"తాళం వేస్తే చీమ కూడా దూరదమ్మా" అన్నాడు మూడోవాడు.

తాళం అన్న మాట వింటే చాలు ఆవిడకు. అదే కొనిపించింది. క్లయింట్లు తికమకపడకుండా నంబరు మాత్రం పాతదే ఉంచారు.

పాత పెట్టె బిగించిన ముసలి మెకానిక్ ఒకసారి గుర్తొచ్చాడు. రెండేళ్ల కిందట, మీ ఆఫీసులో కరెంటుకు నిలకడ లేదమ్మా అంటూ ఏదో చెప్పబోయాడు. ఆ రోజు ఆవిడకు వినే తీరిక లేదు. "లైను తెగిందంటే నా ఉద్యోగం పోతుంది బాబాయ్, గట్టిగా బిగించు" అని మాత్రం అంది. బాగానే బిగించాడు. తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయినా, అది తిరిగొచ్చేసరికి అవతలివాళ్లు కాల్‌లో మాట్లాడుకుంటూనే ఉండేవారు. అంత మంచి పెట్టె దొంగకు దారి ఇచ్చిందే అని బాధపడింది.

సోమవారం తొమ్మిదిన్నరకు ఒప్పందం ఖాయం చేసుకునే కాల్. ఐదుగురూ రాగానే ఆవిడ కాల్‌కు తాళం వేసేసింది.

పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. బయట ఎవరో వేచి ఉన్నారు.

ఆవిడ వద్దు అని నొక్కింది. దీపం మళ్లీ వెలిగింది. మళ్లీ నొక్కింది. మూడోసారి నొక్కాక ఇక వెలగలేదు.

పదయింది. గడియారం కొట్టలేదు. అప్పుడు గాని ఆవిడకు ఊపిరాడలేదు.

పదీ ఇరవైకి, ఇక సంతకాల సంగతి చూద్దామని క్లయింటు అంటుండగా కరెంటు పోయింది.

రెండు నిమిషాల్లో వచ్చింది. కాల్ మాత్రం లేదు. అందరూ బయటపడ్డారు. మళ్లీ అందరినీ కలిపేసరికి పావుగంట పట్టింది, క్లయింటు మాత్రం ఎత్తలేదు. పదిన్నరకు ఆయన మరో ఆఫీసుతో మాట్లాడాల్సి ఉంది. వాళ్ల లైను తెగలేదు. నలభై ఇళ్లూ వాళ్లకే వెళ్లాయి.

పెట్టె మార్పించింది నువ్వే కదా అంటూ, నెలాఖరులోగా వేరే ఉద్యోగం చూసుకోమన్నారు మేడమ్.

మర్నాడు ఆవిడ మెకానిక్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. పాత పెట్టె మళ్లీ బిగించి, తెగకుండా చేసి చూపిస్తే మేడమ్ మనసు మారుతుందేమోనని ఆశ.

ముసలాయన తలుపు తీసి కుర్చీ చూపించాడు. ఆవిడ నోరు తెరిచేలోగా, ఆయన తల వెనక గోడగడియారం టంగుటంగుమని మొదలెట్టింది.

అదే చప్పుడు. పది గంటలూ కొట్టింది. దొంగ ఇంట్లో ఒంటరిగా కూర్చున్నానని ఆవిడకు తెలిసింది. వెనక్కి తిరిగి తలుపు వేసి ఉందో తెరిచి ఉందో చూసుకుంది.

ఆయన నొచ్చుకుంటూ నవ్వాడు. కొత్త పెట్టె పెట్టారని, దానికి తాళం పడిందని తెలియక నిన్న మూడుసార్లు తట్టానని, ఏమీ అనుకోవద్దని అన్నాడు.

"మీ ఆఫీసులో కరెంటు పోతే కాల్ మొత్తం పడిపోతుందమ్మా, పెట్టె బిగించినవాడి కోడ్‌తో ఒకరు బయటి నుంచి లైను పట్టుకుని కూర్చుంటే పడదు; ఉద్యోగం పోతుందన్నావని ఈ రెండేళ్లూ ప్రతి సోమవారం నేనే కూర్చున్నా... మరి ఆ కొత్తది తెగట్లేదు కదా?"